ఆరు దగ్గర ఆగిన అంకె

లినక్స్ కంప్యూటర్‌లో ఏ ప్రోగ్రాం మొదలైనా దాదాపుగా ముందు వెతుక్కునే ఫైలు ఒకటుంది. దాని పేరు లిబ్‌సీ డాట్ ఎస్ఓ డాట్ 6. ఫైలు తెరవడం, మెమరీ అడిగి తీసుకోవడం, అక్షరాలను ఒకచోటి నుంచి మరోచోటికి కాపీ చేయడం, టైమెంతైందో చెప్పడం లాంటి రోజువారీ పనులన్నీ ఈ సీ లైబ్రరీలోనే ఉంటాయి. ప్రోగ్రాములన్నీ దాన్నే పంచుకుంటాయి. దాన్ని తయారుచేసే జీలిబ్‌సీ బృందం ఏటా రెండుసార్లు కొత్త విడుదల తెస్తోంది. 2.0తో మొదలైన లెక్క ఇప్పుడు 2.40 దాటింది. ఫైలు పేరు చివర ఉన్న ఆరు మాత్రం 1997 నుంచి ఆరుగానే ఉంది.

దశాబ్దాలుగా మారుతూనే ఉన్న లైబ్రరీ పేరులో అంకె మారకపోవడం చూస్తే ఎవరో మరిచిపోయారనుకుంటాం. నిజానికి దాన్ని మార్చాల్సిన అవసరం రాకుండా చూడటానికే కొందరు ఇంజనీర్లు ఏళ్ల తరబడి కష్టపడ్డారు. ఆ కష్టం ఎందుకు అవసరమైందో తెలియాలంటే లైబ్రరీలను పంచుకోవడమనే ఆలోచన దగ్గర మొదలుపెట్టాలి.

ఆలోచన పాతదే. ప్రోగ్రాం నడుస్తుండగానే దానికి కావలసిన కోడ్‌ను వెతికి కలపడం 1960ల్లో ఎంఐటీలో రూపుదిద్దుకున్న మల్టిక్స్‌లోనే ఉంది. దాని తర్వాత వచ్చిన యూనిక్స్ ఆ దారి పట్టలేదు. ప్రోగ్రాంను కంపైల్ చేసేటప్పుడే లైబ్రరీలోంచి కావలసిన ముక్కలన్నీ దాంట్లోకి కాపీ అయిపోయేవి. చిన్న ప్రోగ్రాముల రోజుల్లో అది చక్కటి పద్ధతి. ఒక్క ఫైలు పట్టుకెళితే చాలు, ఎక్కడైనా నడుస్తుంది. 1980ల మధ్యకు కిటికీలు, మౌసు, బొమ్మల తెరలు వచ్చాయి. తెరమీద ఒక గడియారం చూపించే ప్రోగ్రాంలోకి కూడా కిటికీలు గీసే లైబ్రరీ అంతా వచ్చి కూర్చునేది. అదే కోడ్ పది ప్రోగ్రాముల్లో పదిసార్లు డిస్కులోనూ, పదిసార్లు మెమరీలోనూ ఉండేది. మెమరీ అప్పట్లో చాలా ఖరీదు.

సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజనీర్లు నలుగురు, రాబర్ట్ గింగెల్, మెంగ్ లీ, జువాంగ్ డాంగ్, మేరీ వీక్స్, 1987లో యూసెనిక్స్ సమావేశంలో దీనికి పరిష్కారం వివరించారు. మరుసటి ఏడాది సన్‌ఓఎస్ 4.0లో అది జనం చేతికొచ్చింది. లైబ్రరీ మెమరీలో ఎక్కడ పడినా నడిచేలా కోడ్ రాయించి, ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు చిరునామాలు కలిపే బాధ్యతను ఒక చిన్న లోడర్‌కు అప్పగించారు. ఎన్ని ప్రోగ్రాములు వాడినా మెమరీలో లైబ్రరీ కోడ్ ఒకటే ఉంటుంది.

అలా పంచుకోవడంతోనే కొత్త చిక్కు వచ్చిపడింది. లైబ్రరీ ప్రోగ్రాంలోనే ఉన్నప్పుడు అది ఎప్పటికీ మారదు. బయట ఉన్నప్పుడు ప్రోగ్రాంకు తెలియకుండానే మారిపోగలదు. తప్పు దిద్దడానికి అది వరం, ఒక్క ఫైలు మారిస్తే అన్ని ప్రోగ్రాములూ బాగుపడతాయి. అదే ఫైలులో ఒక ఫంక్షన్ తీరు మారిస్తే అన్నీ ఒకేసారి చెడతాయి. సన్ ఇంజనీర్లు ఈ సంగతి మొదటే పసిగట్టారు. లైబ్రరీ పేరు చివర రెండు అంకెలు పెట్టారు. పాత ప్రోగ్రాములు ఇక నడవవు అన్నంత మార్పు వస్తే మొదటి అంకె పెరుగుతుంది. పాతవి పాతగానే ఉండి కొత్త ఫంక్షన్లు చేరితే రెండోది పెరుగుతుంది. మొదటి అంకె కలవకపోతే లోడర్ ఆ లైబ్రరీని ముట్టదు. రెండోది కావలసిన దానికంటే చిన్నదైతే హెచ్చరిక ఒకటి చూపించి ముందుకు పోతుంది. ఈనాటి వెర్షన్ అంకెల ఆలోచన దాదాపు మొత్తం ఇందులోనే ఉందని నాకనిపిస్తుంది. ప్రోగ్రామర్లంతా ఇప్పుడు వల్లెవేసే సెమాంటిక్ వెర్షనింగ్ నియమాలను గిట్‌హబ్ స్థాపకుల్లో ఒకరైన టామ్ ప్రెస్టన్-వెర్నర్ రాశారు, వాటి 2.0.0 పాఠం 2013లో వచ్చింది. గింగెల్ బృందం ఆ పని పాతికేళ్ల ముందే, అదీ యంత్రం తనంతట తాను సరిచూసుకునేలా చేసింది.

తర్వాత ఏటీ అండ్ టీ, సన్ కలిసి తెచ్చిన యూనిక్స్ సిస్టమ్ ఫైవ్ నాలుగో విడుదలలో ఎల్ఫ్ అనే ఫైలు రూపం వచ్చింది. ఎల్ఫ్‌లో లైబ్రరీకి డిస్కు మీద ఉన్న పేరు కాకుండా, తన లోపలే రాసిపెట్టుకున్న మరో పేరు ఉంటుంది. దాన్ని సోనేమ్ అంటారు. ప్రోగ్రాంను కంపైల్ చేసినప్పుడు ముక్కలను కలిపే లింకర్ ఆ సోనేమ్‌ను ప్రోగ్రాంలోకి ఎత్తి రాస్తుంది. రేపు నడిచేటప్పుడు లోడర్ వెతికేది దాన్నే. సాధారణంగా సోనేమ్ చివర ఒక్క పెద్ద అంకే ఉంటుంది. రెండో అంకె సంగతి లోడర్ ఇక పట్టించుకోదు.

లినక్స్ ఈ మార్గంలోకి కాస్త తిప్పలు పడి వచ్చింది. మొదట్లో లినక్స్ వాడిన ఏ డాట్ అవుట్ రూపంలో ప్రతి షేర్డ్ లైబ్రరీకీ మెమరీలో ఒక స్థిరమైన చోటు కేటాయించాలి. రెండు లైబ్రరీలు ఒకే చోటు కోరితే రెండూ ఒక ప్రోగ్రాంలో ఇమడవు. అందుకని ఏ లైబ్రరీకి ఏ చిరునామా అన్న జాబితా ఒకటి అందరికీ ఉమ్మడిగా నడిచేది. లైబ్రరీలో ఒక ఫంక్షన్ నాలుగు బైట్లు పెరిగితే దాని వెనక ఉన్నవన్నీ జరిగిపోతాయి కాబట్టి, ముందు ఒక పట్టిక పెట్టి దాని గుండా పిలిపించేవారు. ఆ పని చేసినవాళ్ల ఓర్పుకు దండం పెట్టాలి. 1995 ప్రాంతంలో లినక్స్ ఎల్ఫ్‌కు మారడంతో ఆ బాధ తీరింది.

ఆ రోజుల్లో లినక్స్‌కు ఉన్న సీ లైబ్రరీ గ్నూ ప్రాజెక్టు వారిది (ఇప్పటి జీలిబ్‌సీ) కాదు. గ్నూ లైబ్రరీ తొలి రూపం నుంచి విడిపోయి, హెచ్.జె. లూ నిర్వహణలో సొంతంగా పెరిగినది. ఏ డాట్ అవుట్ కాలంలో దాని అంకె 4, ఎల్ఫ్ వచ్చాక 5. ఈలోగా రోలాండ్ మెక్‌గ్రాత్, ఉల్‌రిక్ డ్రెపర్ తదితరులు గ్నూ లైబ్రరీని మళ్లీ బలంగా కట్టారు. 1997లో జీలిబ్‌సీ 2.0గా అది వచ్చినప్పుడు లినక్స్ లోకం తిరిగి దానికే మారాలని తేల్చుకుంది. 5 అప్పటికే వాడేశారు కాబట్టి దీని సోనేమ్‌కు 6 దక్కింది. (ఆల్ఫా ప్రాసెసర్ మీద అదే లైబ్రరీ 6.1 అయింది, గ్నూ సొంత వ్యవస్థ హర్డ్ మీద 0.3. ఈ అంకెలకు ఒకదానితో ఒకటి పోలిక లేదు, ఏ ఇంటి లెక్క ఆ ఇంటిదే.)

అయిదు నుంచి ఆరుకు మారడం కాగితం మీద తేలిక. అంకె వేరు కాబట్టి పాత ప్రోగ్రాములు పాత ఫైలునూ, కొత్తవి కొత్త ఫైలునూ తీసుకుంటాయి, రెండూ డిస్కు మీద పక్కపక్కనే ఉండొచ్చు. అలా జరగలేదు. ప్రోగ్రాం ఒక్క సీ లైబ్రరీనే వాడదు కదా. కిటికీల లైబ్రరీ, బొమ్మల లైబ్రరీ, కుదింపు లైబ్రరీ అన్నీ వాడుతుంది, అవి మళ్లీ సీ లైబ్రరీ మీద ఆధారపడతాయి. ప్రోగ్రాంను ఆరుతో కంపైల్ చేసి, కిటికీల లైబ్రరీ ఇంకా అయిదు దగ్గరే ఉంటే, ఒకే ప్రోగ్రాంలోకి రెండు సీ లైబ్రరీలు వచ్చి చేరతాయి. లోడర్ పేరు చూసి మొదట కనబడిన ఫంక్షన్‌ను అంటగడుతుంది. ఒకటి కేటాయించిన మెమరీని ఇంకొకటి విడుదల చేస్తుంది, ఒకటి తెరిచిన ఫైలును ఇంకొకటి తన పద్ధతిలో చదవబోతుంది. ప్రోగ్రాం కూలిపోతుంది. ఒక్కోసారి కూలకుండా తప్పు చేస్తుంది, అది మరీ ప్రమాదం.

దానికి మందు ఒకటే. లైబ్రరీలన్నిటినీ మళ్లీ కంపైల్ చేయడం, పాతవాటిని వేరే డైరెక్టరీలో విడిగా ఉంచడం. లినక్స్ పంపిణీల్లో రెడ్ హ్యాట్ 1997 డిసెంబర్‌లో 5.0తో ఆ పని చేసింది. డెబియన్ 1998 జూలైలో 2.0తో పూర్తిచేసింది. డెబియన్‌లో కొత్త లైబ్రరీతో మళ్లీ కట్టిన ప్యాకేజీల పేరు చివర గ్నూకు గుర్తుగా ఒక జీ తగిలించారు. జిప్ కుదింపు చేసే జెడ్‌లిబ్ ప్యాకేజీని డెబియన్, ఉబుంటు వాడేవాళ్లు ఇవాళ్టికీ జెడ్‌లిబ్1జీ అనే పేరుతోనే చూస్తున్నారు. ఆ జీ అప్పటిదే.

ఈ అనుభవం తర్వాత అంకెను ఏడు చేయడానికి ఎవరికీ మనసొప్పలేదు. అంకె మారినప్పుడల్లా లోకంలోని ప్రతి లైబ్రరీనీ తిరిగి కట్టాలి. సోర్స్ కోడ్ చేతిలో లేని ప్రోగ్రాముల సంగతి ఇక చెప్పనక్కర్లేదు. లైబ్రరీ మొత్తానికి ఒకే అంకె ఉండటమే అసలు జబ్బు. రెండువేల ఫంక్షన్లలో ఒక్కటి మారినా అంకె అన్నిటికీ మారుతుంది.

దారి మళ్లీ సన్ చూపింది. తన సొలారిస్ 2.5 వ్యవస్థలో లైబ్రరీలోని ఫంక్షన్ల పేర్లను గుంపులుగా చేసి, ప్రతి గుంపుకూ ఒక వెర్షన్ పేరు పెట్టే వీలు కల్పించారు. ప్రోగ్రాం తనకు ఏ గుంపులు కావాలో రాసిపెట్టుకుంటుంది, లేకపోతే లోడర్ ముందే ఆపేస్తుంది. గ్నూ వైపు ఎరిక్ యంగ్‌డేల్, డ్రెపర్ దీన్ని తీసుకుని ఒక మెట్టు ఎక్కించారు. ఒకే లైబ్రరీలో ఒకే పేరున్న ఫంక్షన్ రెండు, మూడు రూపాల్లో ఉండొచ్చన్నారు. ఒక్కో రూపానికీ ఒక్కో చీటీ. కొత్తగా కంపైలయ్యే ప్రోగ్రాంకు లింకర్ కొత్త రూపాన్నే ఇస్తుంది. ఎప్పుడో కట్టిన ప్రోగ్రాం తన చీటీతో వచ్చి పాత రూపాన్నే తీసుకుంటుంది. మన ఊళ్లలో మున్సిపాలిటీ డోర్ నంబర్లు మార్చాక గేటు మీద పాత నంబరూ కొత్త నంబరూ రెండూ రాసి ఉంచుతారు, ఎప్పటి ఉత్తరమైనా ఇల్లు చేరాలని. ఇదీ అలాంటిదే. తేడా ఏమిటంటే ఇక్కడ పాత నంబరు పట్టుకొచ్చినవారికి పాత ఇల్లే యథాతథంగా నిలబడి ఉంటుంది.

1999 ఫిబ్రవరిలో వచ్చిన జీలిబ్‌సీ 2.1లో దీని మేలు వెంటనే కనబడింది. 32 బిట్ యంత్రాల మీద ఫైలులో స్థానం చెప్పే సంఖ్య అప్పటిదాకా రెండు జీబీ దాటలేదు. డిస్కులు పెరుగుతున్నాయి, సంఖ్యను 64 బిట్లకు పెంచాలి. పెంచితే తెరిచిన ఫైలు వివరాలు పెట్టుకునే నిర్మాణం సైజు మారిపోతుంది. ఆ సైజు తెలుసుకుని కట్టిన ప్రోగ్రాములన్నీ తప్పుచోట చదువుతాయి. వెనకటి రోజులైతే అంకె ఏడయ్యేది. ఇప్పుడు ఫైలు తెరిచే ఎఫ్‌ఓపెన్ ఫంక్షన్ రెండు రూపాల్లో వచ్చింది, ఒకదానికి 2.0 చీటీ, మరొకదానికి 2.1 చీటీ. నాటి 32 బిట్ ప్రోగ్రాం ఇవాళ నడిపినా 2.0 చీటీ ఎఫ్‌ఓపెనే దానికి దొరుకుతుంది.

చీటీలు పెట్టడం యంత్రాంగం. ఎప్పుడు కొత్త చీటీ తీయాలన్నది మాత్రం మనుషుల నిర్ణయం. అక్కడ తేడా వస్తే ఏమవుతుందో 2010 చివర్లో తెలిసింది. లినక్స్ పంపిణీ ఫెడోరా 14 వచ్చాక కొందరికి అడోబీ ఫ్లాష్ వాడే వెబ్‌సైట్లలో పాటలు గరగరమన్నాయి. కారణం మెమ్‌కాపీ. బైట్లను ఒకచోటి నుంచి ఇంకోచోటికి కాపీ చేసే ఫంక్షన్ అది. ఇచ్చిన చోటు, తీసుకునే చోటు ఒకదాని మీద ఒకటి పడకూడదని సీ ప్రమాణం మొదటినుంచీ చెబుతోంది. పడే అవకాశం ఉంటే మెమ్‌మూవ్ అనే మరో ఫంక్షన్ వాడాలి. ఫ్లాష్ ఈ నియమం తప్పి మెమ్‌కాపీనే వాడింది. మెమ్‌కాపీ ముందునుంచి వెనక్కి కాపీ చేసినన్నాళ్లూ ఆ తప్పు బయటపడలేదు. కొన్ని కొత్త ఇంటెల్ ప్రాసెసర్ల మీద వేగం కోసం చివరినుంచి మొదటికి కాపీ చేసే పద్ధతి పెట్టగానే ధ్వని పాడైంది.

లైబ్రరీ ప్రమాణం తప్పలేదు. ఫంక్షన్ పేరు, ఇచ్చే విలువలు ఏవీ మారలేదు. ఏ అంకెల నియమం ప్రకారం చూసినా ఇది అంకె పెంచాల్సిన మార్పు కాదు. తప్పు ఫ్లాష్‌దే, దాన్ని అడోబీ దిద్దాలని ఒక వాదన. లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఆ వాదనను ఒప్పుకోలేదు. మెమ్‌కాపీని పాత తీరుకు తిప్పే చిన్న కోడ్ రాసి చూపించి, నిన్న పనిచేసింది ఇవాళ ఆగిపోతే వాడేవాడికి ప్రమాణం ఎవరు పాటించారన్న గొడవతో పని లేదని గట్టిగా నిలబడ్డారు. ఆయన కెర్నల్ విషయంలో పాటించే సూత్రమూ అదే, వాడుకరి ప్రోగ్రాంను విరగ్గొట్టకూడదు. నేనూ ఆయన పక్షమే. వాడేవాళ్లు పెరిగేకొద్దీ, కాగితం మీద మాట ఇచ్చినా ఇవ్వకపోయినా, పైకి కనబడే ప్రతి తీరు మీదా ఎవరో ఒకరు ఆధారపడతారని గూగుల్‌లో ఇంజనీరుగా ఉండగా హైరమ్ రైట్ గమనించి చెప్పిన సంగతి ఈ మెమ్‌కాపీ ఉదంతంలో అచ్చుగుద్దినట్టు కనబడుతుంది.

2011 జూన్‌లో వచ్చిన 2.14లో జీలిబ్‌సీ బృందం చేసింది నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చిన పని. 64 బిట్ ఇంటెల్ యంత్రాల మీద మెమ్‌కాపీకి 2.14 అనే కొత్త చీటీ తీశారు. అక్కడ ఆ లైబ్రరీలో అన్నిటికంటే పాత చీటీ 2.2.5. ఆ చీటీతో వచ్చే పాత ప్రోగ్రాములు మెమ్‌కాపీ అని పిలిస్తే వాటికి లోపల మెమ్‌మూవ్ ఇచ్చేశారు. తప్పు చేసిన ప్రోగ్రాంకు కూడా సరైన ఫలితమే అందుతుంది. కొత్తగా కంపైలయ్యే ప్రోగ్రాంకు వేగమైన రూపం దక్కుతుంది. ఎవరినీ దండించకుండా, ఎవరి వేగమూ తగ్గించకుండా.

దీనికీ ఒక ఖరీదు ఉంది. కొత్త యంత్రం మీద కంపైల్ చేసిన ప్రోగ్రాం, మెమ్‌కాపీ వాడితే చాలు, 2.14 కంటే పాత లైబ్రరీ ఉన్న చోట మొదలే కాదు. చీటీలు పాత ప్రోగ్రాంను కొత్త లైబ్రరీ మీద కాపాడతాయి, కొత్త ప్రోగ్రాంకు పాత లైబ్రరీ మీద హామీ ఇవ్వవు. 2021 ఆగస్టులో వచ్చిన 2.34తో ఇది మరీ ఎక్కువమందికి తగిలింది. అప్పటిదాకా విడిగా ఉన్న థ్రెడ్ల లైబ్రరీని సీ లైబ్రరీలో కలిపేశారు, పాత ప్రోగ్రాములు వెతుక్కుంటాయని ఆ పేరుతో దాదాపు ఖాళీ ఫైలు ఒకటి ఉంచారు. ప్రోగ్రాంను మొదలుపెట్టే ఫంక్షన్‌కే అప్పుడు కొత్త చీటీ పడింది. దాంతో ఆ తర్వాత మామూలుగా కట్టిన ప్రతి ప్రోగ్రాంకూ 2.34 తప్పనిసరి. తన ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచిన ప్రోగ్రాం ఆఫీసు సర్వర్ మీద జీలిబ్‌సీ 2.34 దొరకలేదంటూ ఆగిపోవడం హైదరాబాద్‌లో పనిచేసినా శాన్‌హోసేలో పనిచేసినా చాలామంది ప్రోగ్రామర్లు చూసే ఉంటారు. అందుకే అందరికీ పంచాల్సిన ప్రోగ్రాంను పాత వ్యవస్థ మీద కట్టడం ఆనవాయితీ అయింది. పైథాన్ వాళ్లు తమ ప్యాకేజీలు ఏ జీలిబ్‌సీ మీద కట్టారో ఫైలు పేరులోనే రాసే పద్ధతి పెట్టుకున్నారు.

చీటీల పద్ధతి చేరలేని చోటు ఒకటి ఈమధ్యే బయటపడింది. 32 బిట్ యంత్రాల మీద కాలాన్ని 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లుగా 32 బిట్ల సంఖ్యలో లెక్కపెడతారు. 2038 జనవరి 19న, గ్రీనిచ్ కాలమానం ప్రకారం తెల్లవారుజామున 3 గంటల 14 నిమిషాల 7 సెకన్లు దాటగానే ఆ సంఖ్యలో చోటు అయిపోతుంది. జీలిబ్‌సీ తన వంతు పని పూర్తిచేసింది. కాలంతో సంబంధమున్న ఫంక్షన్లను 32 బిట్లకూ 64 బిట్లకూ వేర్వేరుగా పెట్టి, కంపైల్ చేసేటప్పుడు ఏది కావాలో ఎంచుకోమంది. మిగతా లైబ్రరీలు అలా చేయలేదు. కాలాన్ని తమ నిర్మాణాల్లో పెట్టుకుని ప్రోగ్రాముకు అందించే లైబ్రరీలు వందల్లో ఉన్నాయి. వాటిలో ఒకటి 64 బిట్లతో, దాన్ని పిలిచే ప్రోగ్రాం 32 బిట్లతో కట్టి ఉంటే మళ్లీ అయిదు, ఆరు నాటి కలగాపులగమే. సోనేమ్ మారలేదు కాబట్టి లోడర్‌కు తేడా తెలియదు.

డెబియన్ 2024లో పాత మందే వాడింది. కాలం బయటికి కనబడే లైబ్రరీలన్నిటినీ తిరిగి కట్టి, ప్యాకేజీ పేరు చివర టీ64 అని తగిలించింది. పేర్లు అన్ని యంత్రాలకూ ఉమ్మడి కావడంతో, కాలం ఎప్పటినుంచో 64 బిట్లలోనే ఉన్న మామూలు ల్యాప్‌టాప్‌ల మీద కూడా ఇప్పుడు లిబ్‌ఎస్ఎస్ఎల్3టీ64 లాంటి పేర్లు కనిపిస్తున్నాయి. పేరు మారితే పాత, కొత్త ప్యాకేజీలు పొరపాటున కలిసిపోకుండా ప్యాకేజీ వ్యవస్థ అడ్డుపడుతుంది. నెలల తరబడి డెబియన్ అభివృద్ధి శాఖలో మిగతా పనులు నెమ్మదించాయి. 2025 ఆగస్టులో విడుదలైన డెబియన్ 13తో ఆ మార్పు అందరికీ చేరింది.

చిన్న 32 బిట్ ఆర్మ్ బోర్డులకు 64 బిట్ల కాలం వచ్చింది. పాత 32 బిట్ ఇంటెల్‌ను మాత్రం డెబియన్ కావాలనే వదిలేసింది. ఇవాళ ఆ రూపం మిగిలి ఉన్నదే సోర్స్ కోడ్ లేని పాత ప్రోగ్రాములను, పాత ఆటలను 64 బిట్ కంప్యూటర్ల మీద నడుపుకోవడానికి. వాటిని తిరిగి కట్టేవాళ్లు లేరు. కాలం సంఖ్యను మారిస్తే అవి ఇవాళే ఆగిపోతాయి. మార్చకపోతే 2038 దాకా నడుస్తాయి. డెబియన్ వాళ్లు రెండోదే ఎంచుకున్నారు.